ఛాతీ 41, వీపు సన్నం: జాకెట్టు పేపరు కటింగ్‌లో ఎక్కడ పెంచాలి?

గుణుపురం నుంచి అడిగిన చెల్లికి. నువ్వు రాసిందేటంటే, ఛాతీ 41, వీపు సన్నం, యూట్యూబ్‌లో చూసి 41 కొలత మీద జాకెట్టు కోసుకుంటే భుజాలు జారిపోతున్నాయి, చంకల దగ్గర గుడ్డ బుడగలా లేస్తుంది, హుక్కుల దగ్గర మాత్రం బిగుసుకుపోయి సందులు తెరుచుకుంటున్నాయి, అమ్మేమో ఈసారి 42 మీద కోసీమంటుంది, ఏటి చెయ్యాలి అని. అప్పర్ చెస్ట్ 36, ఛాతీ కింద 34 అని కూడా రాసావు, అది రాయబట్టే నేను ఇంత పొడుగ్గా చెప్పగలుగుతున్నాను, లేకపోతే నాలుగు లైన్లు రాసి ఊరుకుందును.

అమ్మ మాట ఈ ఒక్కసారికి వినకు. 42 కోస్తే భుజాలు ఇంకా జారతాయి, చంక ఇంకా లోతుగా పోద్ది, వీపు సంచీలా వేలాడుతుంది, అంతా చేసి హుక్కుల దగ్గర కలిసొచ్చేది అరంగుళమే. ఎందుకంటే నువ్వు పెంచిన అంగుళం ముందుకి ఒక్కదానికే పోదు కదా, నాలుగు పక్కలకీ పావు పావు పంచుకుంటుంది. నీకు కావల్సింది ముందు రెండు ముక్కల్లో. వీపు ముక్క నిన్నేమీ అడగట్లేదు.

మాది పర్లాకిమిడి. ఊరు 1936లో ఒడిశాలో కలిసినా ఇంట్లో తెలుగే, బజార్లో రెండూ, నా మిషను దగ్గరకొచ్చేవాళ్లలో సగం మంది పాతపట్నం వైపు నుంచి, సగం మంది ఇక్కడి ఒడియా వాళ్లు. 27 ఏళ్ల నుంచి కుడుతున్నాను, వీధిలో పిల్లలు మిషనప్ప అనే పిలుస్తారు. కుట్టడం మొదలెట్టిన మూడో ఏడో ఎప్పుడో ఒక పెళ్లికూతురి జాకెట్టు, బరంపురం పట్టు, చీరలోంచి తీసిన ముక్క, టేపు 42 చెప్పింది, నేను 42కే కోసీసాను. వేసుకుని చూస్తే సరిగ్గా నీ జాకెట్టే. వెనక రెండు వేళ్లు కాదు పిడికిలి పట్టే గుడ్డ, ముందు మూడో హుక్కు పెట్టుకుంటే ఊపిరాడట్లేదు. పక్క కుట్లు విప్పి వీపు లోపలికి లాగాను, దాంతో ముందు ఇంకా పట్టీసింది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ వాళ్ల అమ్మ మొహం ఇప్పటికీ గుర్తుంది. ఆ ముక్క పట్టుకుని బరంపురం వెళ్తే అక్కడొక ముసలి మాస్టరు, ఒడియా ఆయన, జాకెట్టు బల్ల మీద పరిచి ఒక్క చూపు చూసి 'ఛాతి బొడొ, పిఠి ఛొటొ' అన్నాడు. ఛాతీ పెద్దది, వీపు చిన్నది. అంతే. పాఠం మొత్తం ఆ నాలుగు మాటల్లోనే ఉంది, మిగతాది పేపరు మీద కత్తెర పని.

ఇప్పుడు కొలతలు. ఆది జాకెట్టు పక్కన పడీ, అది సరిగ్గా లేదని నువ్వే అంటున్నావు కదా, సరిగ్గా లేనిదాన్ని ఆది పెట్టుకుంటే అదే తప్పు మళ్లీ పుడుతుంది. జాకెట్టు కింద రోజూ ఏ బ్రా వేసుకుంటావో అది వేసుకునే కొలవాలి, ప్యాడ్ ఉన్నదానికీ లేనిదానికీ అంగుళం పైనే తేడా వస్తుంది, పాయింటు, అంటే ఛాతీ మొన, దాని ఎత్తు కూడా మారిపోద్ది. అప్పర్ చెస్ట్ అంటే టేపు చంకల కిందుగా పోనిచ్చి ముందు ఛాతీ మొదలయ్యే చోటుకి పైన పట్టుకోవాలి, కాస్త బిగించే పట్టు. ఛాతీ కొలిచేటప్పుడు టేపు నేలకి సమానంగా ఉండాలి, వెనక జారిపోయిందంటే నంబరు తప్పు, అద్దంలో పక్కకి తిరిగి చూసుకో, లేదా ఎవరినైనా పట్టుకోమను. తర్వాత భుజం మీద మెడ పక్క నుంచి పాయింటు దాకా, పాయింటు నుంచి పాయింటుకి, ఆపైన చాలామంది కొలవనిది ఒకటుంది, భుజం నుంచి పాయింటు మీదుగా ఛాతీ కింద బెల్టు, అంటే జాకెట్టు కింది పట్టీ, కూర్చునే చోటు దాకా. టేపు గాల్లో వేలాడకూడదు, ఒంటి మీద ఎక్కి దిగాలి. నీలాంటి ఒంటికి ఈ కొలత మామూలు కటింగ్ కన్నా అంగుళం అంగుళంన్నర ఎక్కువ వస్తుంది. జాకెట్టు ముందు పైకెక్కిపోతుంది, చెయ్యెత్తితే బెల్టు ఛాతీ మీదకొచ్చీస్తుంది అని వచ్చేవాళ్లందరిదీ ఇదే, వెడల్పు కాదు పొడవు చాలక.

నీ జాకెట్టు ఎక్కడ చెడిందో చెప్తాను. మనం నేర్చుకున్న కటింగ్‌లో అన్నీ ఛాతీ నంబరు మీద ఆధారపడి ఉంటాయి. ఛాతీలో నాలుగో వంతు వెడల్పు, ఆరో వంతుకి కొంత కలిపి చంక లోతు, పన్నెండో వంతు మెడ వెడల్పు. ఒక్కో మాస్టరుది ఒక్కో లెక్క, కానీ అందరిదీ మొదలు ఛాతీ దగ్గరే. నువ్వు 41 పెట్టావు కాబట్టి మెడ 41కి తగ్గట్టు వెడల్పయింది, చంక 41కి తగ్గట్టు దిగింది. నీ ఎముక మాత్రం 36 అప్పర్ చెస్ట్ మనిషి ఎముక. భుజం జారక ఏం చేస్తుంది మరి.

అందుకని సైజు అప్పర్ చెస్ట్‌ని బట్టి పట్టుకో. అప్పర్ చెస్ట్‌కి 2 కలుపు, 36 కి 2 కలిపితే 38. నీ కటింగ్ 38. ఈ 2 ఎక్కడిదంటే, అప్పర్ చెస్ట్ కన్నా ఛాతీ రెండంగుళాలు ఎక్కువుండే ఒంటిని మామూలు ఒళ్లు అనుకుని గీస్తారు, దాన్నే బి కప్ అంటారు, సింప్లిసిటీ, బటరిక్, మెక్‌కాల్స్, వోగ్ లాంటి ఫారిన్ పాటర్న్‌లు కూడా మామూలుగా ఆ లెక్క మీద వచ్చేవే. నీకు తేడా 5 ఉంది. అంటే 38 కటింగ్‌కి ఇంకా 3 అంగుళాలు కావాలి, ఆ 3 ముందు రెండు ముక్కలకి పంచితే ఒక్కో ముక్కకి 1½. సరిచూసుకో కావాలంటే: వీపు 19 అలాగే ఉంటుంది, ముందు 19 కి 3 కలిస్తే 22, మొత్తం 41. నువ్వు 41 మీద కోసినప్పుడు వీపు 20½, ముందు 20½ వచ్చింది. వెనక 1½ ఎక్కువ, ముందు 1½ తక్కువ, నీ బాధ మొత్తం ఆ లెక్కే. లూజు ఎప్పుడూ కలుపుకునేంత విడిగా కలుపుకో, ఇందులో కలపకు.

ఇంగ్లీష్ వీడియోల్లో దీన్ని ఫుల్ బస్ట్ అడ్జస్ట్‌మెంట్ అంటారు, ఎఫ్‌బీఏ అని కొట్టినా వస్తుంది, కానీ వాళ్లు చూపించేది ఫ్రాకుల మీద, చొక్కాల మీద, అవి మన జాకెట్టంత ఒంటికి అతుక్కుని ఉండవు. పని మాత్రం అదే.

38 కొలతకి ముందు ముక్క పేపరు మీద గియ్యి. న్యూస్‌పేపరు చాలు, బ్రౌన్ షీటయితే ఇంకా మంచిది, చిరగదు. మార్జిన్, అంటే కుట్టు బయట వదిలే గుడ్డ, లేకుండా కుట్టు గీత వరకే గియ్యి, మార్జిన్ ఆఖర్న కలుపుకుందాం. డౌన్‌లోడ్ చేసిన పాటర్న్ అయితే అందులో మార్జిన్ ఉందో లేదో చదువు, అమెరికా కంపెనీల వాటిలో ఎక్కువగా అర అంగుళం కన్నా కొంచెం ఎక్కువ, ఒకటిన్నర సెంటీమీటరు, ముందే కలిపి ఉంటుంది, బుర్దా మ్యాగజీన్‌లో గీతల్లో అసలు ఉండదు. ఇది చూసుకోకుండా కోసి నా దగ్గరకి ఏడుస్తూ వచ్చినవాళ్లు ఉన్నారు.

పేపరు ముక్క ఒంటి మీద పెట్టుకుని భుజం కలిపి పిన్ను పెట్టి పాయింటు ఎక్కడొస్తుందో పెన్నుతో గుర్తు పెట్టు. లెక్క వేసి పెట్టినదానికన్నా ఇదే నిజం. ఇప్పుడు కింది డాట్ (డాట్ అంటే గుడ్డని మొన తేలేలా మడిచి కుట్టే మడత) మధ్యలోంచి పైకి పాయింటు దాకా ఒక గీత. ఆ పాయింటు నుంచి ఏటవాలుగా చంక వంపుకి ఇంకో గీత, వంపులో కింది నుంచి మూడో వంతు దగ్గర తగలాలి. నాలుగు డాట్ల జాకెట్టయితే అక్కడే చంక డాట్ ఉంటుంది కదా, దాని మధ్యలోంచే పోనీ. మూడోది పక్క కుట్టు నుంచి పక్క డాట్ మధ్యలోంచి పాయింటు దాకా.

కత్తెర కింది నుంచి పెట్టి పాయింటు దాకా కొయ్యి, ఆగకుండా చంక వైపు తిరుగు, కానీ చంక గీత ఇంకా నూలు పోగంత ఉందనగా ఆగిపో. ఆ పోగే తలుపు బందు. తెగిపోతే ఏం కాదు, టేపు అంటించి మళ్లీ మొదలెట్టు. తర్వాత పక్క నుంచి కోసుకుంటూ వచ్చి పాయింటు దగ్గర అదే మాదిరి పోగంత వదిలీ. ఇప్పుడు చంక కింద ముక్క తలుపు తీసినట్టు పక్కకి జరుపు. పాయింటు దగ్గర సందు సరిగ్గా 1½ అంగుళం తెరుచుకోవాలి, అక్కడి నుంచి కింద దాకా ఆ సందు రెండంచులూ సమానంగా, రైలు పట్టాల్లా ఉండాలి. అలా సమానంగా పెట్టేసరికి పక్క డాట్ దానంతటదే నోరు తెరుస్తుంది, నువ్వు చెయ్యాల్సిందేం లేదు. ఎంత తెరిస్తే అంత, నీ 1½ కి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఇక్కడ చూడు, పక్క ముక్క కిందకి దిగింది, హుక్కుల వైపు ముక్క పైనే ఉండిపోయింది. చాలామంది ఇక్కడే కింద సమానంగా కోసీస్తారు. కొయ్యకూడదు! ఆ దిగినదే నీకు చాలని పొడవు. హుక్కుల వైపు ముక్కని పాయింటుకి కిందుగా అడ్డంగా కోసి, కింది అంచు పక్క ముక్క అంచుకి సమానంగా వచ్చేదాకా దింపు. సందులన్నిటి కింద ఇంకో పేపరు పెట్టి టేపు అంటించీ. మళ్లీ భుజం నుంచి పాయింటు మీదుగా కింద దాకా టేపు పెట్టి చూడు, ఒంటి మీద వచ్చిన నంబరుకి దగ్గరగా వచ్చి ఉంటుంది, పావో అరో తక్కువుంటే ఆ అడ్డం కోతలోనే ఇంకొంచెం దింపు.

చంక వంపు పొడవు టేపు నిలబెట్టి కొలిచి చూడు, మారకూడదు. మారలేదంటే నీ చెయ్యి ముక్క 38ది మార్చకుండా కూర్చుంటుంది. చెయ్యి లావయితే అది వేరే సంగతి, దాన్ని చెయ్యి ముక్కలోనే పెంచుకోవాలి, చంక లోతు చేసి కాదు.

డాట్ల సంగతి కాస్త నిదానంగా చదువు, జాకెట్టు అందం అంతా ఇక్కడే. కింది డాట్ ఇంతకుముందు అంగుళం ఉందనుకో, ఇప్పుడు తెరిచిన 1½ కూడా అందులోకే పోవాలి, ఎందుకంటే నీ ఛాతీ కింద 34 కదా, అక్కడ గుడ్డ మిగలకూడదు. లెక్క చూడు, పాయింటు దగ్గర ముందు ముక్క 11, ఛాతీ కింద కావల్సింది 8½, తేడా 2½. ఈ 2½ ఒక్క డాట్‌లో పెడితే ముందు గరాటు బోర్లించినట్టు వస్తుంది, పాత సినిమాల్లో చూసుంటావు. రెండు డాట్లు చెయ్యి, ఒక్కోటి అంగుళం పావు, మధ్యలో ముక్కాలు అంగుళం దూరం, మొనలు రెండూ పాయింటుకి చెరో పక్క చూసేలా. పక్క డాట్ కూడా మరీ లావయిపోతే దాంట్లోంచి అరంగుళం తీసి చంక డాట్‌కో హుక్కుల పక్క డాట్‌కో పంపించొచ్చు, పేపరు మీద ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది, ఎక్కడ తెరిచినా మొన పాయింటు వైపే. నా చెయ్యయితే హుక్కుల పక్క డాట్ అరంగుళం దాటనివ్వను, దాటితే ముందు పట్టీ నిటారుగా నిలబడదు.

మొన పాయింటు దాకా కుట్టకు. సన్నటి ఒంటికి అరంగుళం ముందు ఆపినా చెల్లుతుంది గానీ నీకు అంగుళం నుంచి అంగుళంన్నర ముందే ఆపాలి. గుడ్డ అక్కడ గుండ్రంగా కూర్చోవాలంటే దానికి కాస్త చోటుండాలి. మొన దగ్గర మిషను వెనక్కి తిప్పి రివర్స్ కుట్టు వెయ్యకు, ముడిపడి గుబ్బలా కనిపిస్తుంది, దారం రెండంగుళాలు వదిలి చేత్తో ముడి వేసుకో. ఇంకోటి, పేపరు డాట్‌ని మడత పెట్టి, కుట్టాక ఎటు పడుకుంటుందో అటు పడుకోబెట్టి, అప్పుడు అంచు కొయ్యి. మడత విప్పితే అంచు మీద కోడి ముక్కులా ఒక మొన వస్తుంది, అది ఉండాలి, పొరపాటనుకుని చదును చెయ్యకు.

బెల్టు 34కే కొయ్యి. ఛాతీ పెద్దది కాబట్టి బెల్టు కూడా వదులుగా ఉంచుదాం అనుకుంటారు, అప్పుడే జాకెట్టు పైకెక్కుతుంది. బెల్టు బిగువుగా పట్టుకుంటే పై బరువంతా అది ఆపుతుంది, భుజం మీద లాగుడు తగ్గుతుంది.

ఇదంతా అయ్యాక పట్టు మీదకో సంబల్‌పురి మీదకో వెళ్లిపోకు తల్లీ. పాత దుప్పటి ముక్క, లేకపోతే చౌక రుబియా, ముందు రెండు ముక్కలు, వీపు, బెల్టు, చేతులు కూడా అక్కర్లేదు, పెద్ద కుట్లతో కుట్టి వేసుకో. హుక్కుల చోట పిన్నులు. అద్దం ముందు చేతులు కిందకి వదిలి నిలబడు. హుక్కుల మధ్య అడ్డంగా గీతలు లాగుతుంటే వెడల్పు ఇంకా చాలలేదు, పావు పావు పెంచు. పాయింటు నుంచి పక్క నడుం వైపు ఏటవాలుగా ముడతలు దిగుతుంటే పొడవు చాలలేదు. ఛాతీ పైన, మెడ కింద గుడ్డ వదులుగా తేలుతుంటే నువ్వు తీసుకున్న సైజే పెద్దది, 37 మీద గీసి 2 చొప్పున తెరువు. చంక దగ్గర ఇంకా చిన్న బుడగ ఉంటే అక్కడ గుడ్డ వేళ్లతో గిల్లి ఎంత మిగిలిందో చూడు, పావంగుళం అనుకో, పేపరు మీద చంక దగ్గర పావు మూసి ఆ పావు పక్క డాట్‌లో తెరువు. చంకని లోపలికి కోసీకు, కోస్తే బుడగ పోదు, చెయ్యి ఎత్తడానికి మాత్రం ఉండదు.

దుప్పటి ముక్క మీద సరిపోయిందా, అదే విప్పి అట్ట మీద గీసి దాచుకో. నా దగ్గర 60 మంది పైచిలుకు అట్టలు మేకుకి వేలాడుతుంటాయి, పేరూ తేదీ రాసి. ఏడాదికోసారి కొలతలు మళ్లీ తీసుకుంటాను, ఒళ్లు మారుతుంది కదా.

కటోరీ, అంటే ఛాతీ దగ్గర గిన్నెలా విడి ముక్క పెట్టే జాకెట్టు, కుట్టుకోవచ్చా అని కింద ఎవరో అడిగారు. నీలాంటి ఒంటికి కటోరీ బాగుంటుంది, నిజానికి నాలుగు డాట్ల కన్నా నాకు అదే ఇష్టం, ఎందుకంటే పెంచాల్సింది గిన్నె ముక్క ఒక్కటే, చంక వైపు పై ముక్క ముట్టుకోనే అక్కర్లేదు. గిన్నె ముక్కని నిలువుగా అడ్డంగా పాయింటు మీదుగా కోసి నాలుగు ముక్కలూ దూరం జరుపు, నిలువు సందు 1½, అడ్డం సందు పొడవు ఎంత చాలలేదో అంత, చుట్టూ వంపు మళ్లీ చేత్తో సాఫుగా గియ్యి. పై ముక్కతో కలిసే అంచు పొడవైపోతుంది, దాన్ని ఆ పై ముక్క అంచుతో కొలిచి చూడు, అరంగుళం లోపు ఎక్కువుంటే కుట్టేటప్పుడు సర్ది కలిపీవచ్చు, అంతకన్నా ఎక్కువుంటే అక్కడో చిన్న టక్కు. ప్రిన్సెస్ కట్, అంటే డాట్ల బదులు ముందు ముక్కని నిలువు వంపు కుట్టుతో రెండు చేసేది, అది కూడా అంతే, వంపు బయటికి గీసుకుంటూ పోతే సరిపోదు. అరంగుళం దాకా అయితే వంపులో కలుపుకో, నీ 1½ కి పక్క ముక్కని పైన చెప్పినట్టే కోసి తెరవాలి, మధ్య ముక్కకి పొడవు కలపాలి, చివర రెండు వంపుల కుట్టు గీతలూ టేపుతో కొలిస్తే ఒకే నంబరు రావాలి.

గుడ్డ గురించి. క్రాస్ కట్ వేస్తే, అంటే ముందు ముక్క ఏటవాలుగా పెట్టి కోస్తే, గుడ్డ ఒంటికి సాగి కూర్చుంటుంది, అందుకని కొందరు మాస్టర్లు ఈ పేపరు పనంతా మానీసి క్రాస్ కట్‌తోనే లాక్కొచ్చీస్తారు. 2 అంగుళాల తేడా ఒంటికి లాక్కురావచ్చు. 5 అంగుళాల తేడాకి కుదరదు, నాలుగు ఉతుకులకి మెడా చంకా సాగిపోయి వేలాడతాయి. పైగా చీరతో వచ్చే ముక్క 80 సెంటీమీటర్లు ఉంటుంది, నీ సైజుకి క్రాస్ పెడితే చేతులకి గుడ్డ చాలదు. సంబల్‌పురి ఇకత్ ముక్క క్రాస్ పెట్టావంటే డిజైను ఒక పక్కకి ఒరిగిపోద్ది, చేపలూ పూలూ పడుకున్నట్టు ఉంటాయి. అలాంటి చేనేత గుడ్డ నిటారుగానే కోసి ఈ డాట్ల పని చెయ్యి. ఇకత్‌లో పక్క డాట్ లావుగా ఉంటే గళ్లు తెగినట్టు కనిపిస్తాయి, దాన్ని వీలైనంత కింది డాట్లలోకి పంపించు, అక్కడ పైట కప్పేస్తుంది. బరంపురం పట్టు అయితే కుంభం అంచు, అదే గుడి గోపురాల వరసలా ఉండే అంచు, చేతులకి పెట్టుకో, ముందు ముక్కలకి ఒళ్లు గుడ్డ. కోట్‌పాడ్ నూలు మందం, దానికి లైనింగూ పై గుడ్డా డాట్లు విడివిడిగా కుట్టు, కలిపి కుడితే మొన దగ్గర రాయి పెట్టినట్టు ఉంటుంది. మిగతా గుడ్డలకి లైనింగ్ కలిపే టాకా వేసి ఒకటిగా డాట్ కుట్టుకోవచ్చు. లైనింగ్ మాత్రం తడిపి ఆరబెట్టి ఇస్త్రీ చేసాకే కొయ్యి.

ఇంకో అమ్మాయి రాసింది, బాబుకి ఎనిమిది నెలలు, పాలు ఇస్తున్నాను, ఇప్పుడు కుట్టుకోవాలా ఆగాలా అని. పండగ ఉంటే కుట్టుకోమ్మా, ఠాకురాణీ యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది, దానికి బరంపురం వెళ్లేవాళ్లు ఎవరు ఆగుతారు. కానీ పక్క కుట్టులో 2 అంగుళాలు వదిలాం కదా, రేపు సరిచేసుకుందాం అనుకోకు, పక్క మార్జిన్ వీపుకీ ముందుకీ కలిపి తగ్గిస్తుంది, నీకు తగ్గేది ముందే. అందుకని ప్రిన్సెస్ కట్ పెట్టించుకో, ముందు వంపు కుట్టులో ముక్కాలు అంగుళం మార్జిన్ వదలమని చెప్పు, వంపు దగ్గర చిన్న చిన్న గాట్లు లోతుగా పెట్టొద్దని కూడా చెప్పు. తర్వాత అక్కడే లోపలికి తీసుకోవచ్చు.

గుణుపురం చెల్లీ, నీ పాత జాకెట్టు పారీకు. వీపు మధ్యలో నిలువుగా కుట్టు వేసి 1½ తీసీ, మెడ వెనకాల డోరీ కట్టు, భుజం జారడం తగ్గుతుంది. ముందు మాత్రం దాంతో బాగవ్వదు, గుడ్డే లేదు కదా అక్కడ, హుక్కుల పట్టీ కింద లోపల వెడల్పు పట్టీ ఒకటి కలిపి సందులు కనపడకుండా చేసుకుని ఇంట్లోకి వాడుకో. హుక్కులు మార్చి కుట్టేటప్పుడు ఒకటి సరిగ్గా పాయింటు ఎత్తులో వచ్చేలా పెట్టి, దాని నుంచి పైకీ కిందకీ పంచుకో. పై నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే ఆ ఎత్తులో ఎప్పుడూ సందే పడుతుంది. దుప్పటి ముక్క ట్రయల్ అయ్యాక పక్క నుంచి, చేతులు కిందకి వదిలి, మొహం లేకుండా ఒక ఫోటో పెట్టు, ముడతలు ఎటు పోతున్నాయో చూసి చెప్తాను. ఈ వారం పెళ్లి జాకెట్లు పదకొండున్నాయి, రాత్రి తొమ్మిది దాటాకే ఫోను చూస్తాను.